నేర్చుకోవడానికి తక్కువ ఖర్చులో మొదటి కెమెరా డ్రోన్: ఎలా ఎంచుకోవాలి, వచ్చాక ఎలా పరీక్షించాలి

"తక్కువలో మంచి కెమెరా డ్రోన్ ఏదైనా చెప్పండి, ఎగరేయడం నేర్చుకోవడానికే" అని చాలామంది అడుగుతుంటారు. అడుగుతూనే రెండు మూడు డ్రోన్ల ఫోటోలు కూడా చూపిస్తారు. అన్నిటి మీదా పెద్ద అక్షరాలతో 4కె అనో 8కె అనో, అంటే వీడియో ఎంత స్పష్టంగా వస్తుందో చెప్పే గుర్తు, ఉంటుంది. చేతులు వదిలేస్తే గాల్లో నిలబడుతుందా, బరువెంత, రెక్క విరిగితే ఇంకోటి దొరుకుతుందా అన్న వివరాలు ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, లేదంటే అసలు ఉండవు. నేర్చుకునేవారు ముందు చూడాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

అందుకే ఇక్కడ కెమెరా దాదాపు చివర్లో వస్తుంది. నిలకడగా ఎగిరే డ్రోన్‌కు మామూలు కెమెరా ఉన్నా చూడదగ్గ వీడియో వస్తుంది. నిలకడ లేని డ్రోన్‌కు ఎంత గొప్ప కెమెరా బిగించినా ఊగిపోయే వీడియోనే మిగులుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఫోన్ మోడల్, అందులోని ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్ నంబర్. యాప్ పనిచేస్తుందో లేదో దీన్నిబట్టే తెలుస్తుంది.
- గ్రాముల్లో తూకం చూపించే చిన్న డిజిటల్ త్రాసు.
- బడ్జెట్‌లో కనీసం పావు వంతు పక్కన పెట్టండి. అదనపు బ్యాటరీలు, రెక్కలు దీంతోనే కొనాలి.
- వాపసు ఇచ్చే అవకాశం. ఎన్ని రోజుల్లోపు ఇవ్వొచ్చో కొనే ముందే రాసుకోండి. కింద చెప్పిన పరీక్షలన్నీ ఆ గడువులోపే అయిపోవాలి.

1. ఎక్కడ ఎగరేస్తారో ముందు తేల్చుకోండి

ఎక్కువగా ఇంట్లోనో, పెద్ద హాల్లోనో నేర్చుకుంటారా? అయితే సుమారు 100 గ్రాముల్లోపు బరువు, రెక్కల చుట్టూ రక్షణ చట్రం, కింద భూమిని చూసే సెన్సర్ ఉన్న డ్రోన్ చాలు. జీపీఎస్ కోసం డబ్బు పెట్టొద్దు. పైకప్పు కింద ఉపగ్రహాల సిగ్నల్ సరిగా అందదు.

ఖాళీ మైదానం అందుబాటులో ఉండి, ఎక్కువగా ఆరుబయటే ఎగరేస్తారా? అయితే జీపీఎస్, బ్రష్‌లెస్ మోటార్లు (త్వరగా అరగని, బలమైన మోటార్లు) ఉన్నది చూడండి. ఖర్చు పెరుగుతుంది. కానీ చిన్న గాలికే కొట్టుకుపోయే డ్రోన్‌ను బయట ఎగరేస్తే నేర్చుకునేది తక్కువ, వెతుక్కునేది ఎక్కువ.

రెండిటికీ పనికొచ్చేది ఒక్కటే కావాలని చాలామందికి ఉంటుంది. తక్కువ ధరలో అది కష్టం. ఒకటి ఎంచుకోండి. ఎటూ తేలకపోతే ఇంట్లో ఎగిరే చిన్నదే తీసుకోండి. వాతావరణంతో పని లేకుండా రోజూ సాధన చేయొచ్చు. గోడకు తగిలినా పెద్ద నష్టం ఉండదు.

2. బరువు, నిబంధనలు చూడండి

చాలా దేశాల డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాములు ఒక ముఖ్యమైన గీత. దానికంటే తక్కువ బరువుంటే నిబంధనలు కొంత తేలిగ్గా ఉంటాయి. 2019లో వచ్చిన డీజేఐ కంపెనీ డ్రోన్ మావిక్ మినీని 249 గ్రాముల దగ్గర ఆపింది అందుకే. మొదటి డ్రోన్‌కు ఈ గీత దాటాల్సిన అవసరం నాకైతే కనిపించదు. తక్కువ బరువు వల్ల ఇంకో లాభం కూడా ఉంది: కింద పడినప్పుడు డ్రోన్‌కూ, కింద ఉన్నదానికీ దెబ్బ తక్కువ తగులుతుంది.

హెచ్చరిక: 250 గ్రాముల్లోపు అయితే ఏ నిబంధనా వర్తించదని అనుకోవద్దు. ఉదాహరణకు యూరోపియన్ యూనియన్‌లో, అంతకంటే తేలికైన డ్రోన్ అయినా కెమెరా ఉండి, బొమ్మల కోవలోకి రాకపోతే, దాన్ని నడిపేవారు నమోదు చేసుకోవాలి. చాలా దేశాల్లో 120 మీటర్ల ఎత్తుకు మించి ఎగరేయకూడదు. డ్రోన్ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. విమానాశ్రయాల చుట్టుపక్కల నిషేధం ఉంటుంది. మీ దేశ విమానయాన సంస్థ వెబ్‌సైట్‌లో నిబంధనలు చదివాకే కొనండి.

డ్రోన్ చేతికి రాగానే బ్యాటరీ, రెక్కలు, రక్షణ చట్రంతో సహా త్రాసు మీద పెట్టి చూడండి. ప్రకటనలో బ్యాటరీ లేకుండా బరువు రాసేవాళ్లున్నారు.

3. చేతులు వదిలేస్తే ఏం చేస్తుందో తెలుసుకోండి

డ్రోన్‌ను నిలబెట్టే ఏర్పాట్లు మెట్లు మెట్లుగా ఉంటాయి. మీరు చూస్తున్నది ఏ మెట్టు మీద ఉందో వివరాల్లో వెతకండి.

గైరో, అంటే ఒరుగుదలను పసిగట్టే సెన్సర్, అన్ని డ్రోన్లలోనూ ఉంటుంది. అది డ్రోన్ ఒరిగిపోకుండా చూస్తుంది, అంతే. ఎత్తు, స్థానం మీరే పట్టుకోవాలి.

బారోమీటర్ గాలి పీడనాన్నిబట్టి ఎత్తును నిలబెడుతుంది. ప్రకటనల్లో దీన్నే ఆల్టిట్యూడ్ హోల్డ్ అంటారు. ఎత్తు ఆగుతుంది కానీ డ్రోన్ పక్కలకు జారుతూనే ఉంటుంది.

ఆప్టికల్ ఫ్లో అంటే కింద ఉన్న చిన్న కెమెరా నేల మీద గీతలు, మచ్చలు చూస్తూ డ్రోన్ జరిగితే వెనక్కి లాగడం. తక్కువ ఎత్తులో, మంచి వెలుతురులో బాగా పనిచేస్తుంది. నీళ్ల మీద, మెరిసే నున్నటి నేల మీద, చీకట్లో తడబడుతుంది.

జీపీఎస్ ఆరుబయట స్థానం పట్టి ఉంచుతుంది. బయల్దేరిన చోటును గుర్తుపెట్టుకుని తిరిగి రాగలుగుతుంది.

ఇంట్లోకైతే కనీసం ఆప్టికల్ ఫ్లో ఉండాలి. బారోమీటర్ ఒక్కటే ఉన్నది కొంటే మొదటి రోజు నుంచీ జారిపోయే డ్రోన్‌ను సరిచేయడంతోనే సరిపోతుంది. కొందరు అదే మంచి సాధన అంటారు. చేయి తిరిగాక నిజమే. మొదటి వారంలో మాత్రం విసుగే మిగులుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు.

"డ్యూయల్ కెమెరా" అన్న మాట కనిపిస్తే జాగ్రత్త. చవక డ్రోన్లలో ఆ రెండో కెమెరా తరచూ ఈ ఆప్టికల్ ఫ్లో కోసం పెట్టిందే. ఉండటం మంచిదే, కానీ దాంతో ఫోటోలు బాగా వస్తాయని ఆశపడొద్దు.

4. మోటార్లు ఏ రకమో చూడండి

బ్రష్ మోటార్లు చవక. లోపలి బ్రష్‌లు రాపిడికి అరిగిపోతాయి కాబట్టి కొన్ని గంటల ఎగురుడు తర్వాత ఒక్కొక్కటీ బలహీనపడతాయి. బ్రష్‌లెస్ మోటార్లలో ఆ అరుగుదల లేదు. బలం కూడా ఎక్కువ కాబట్టి గాలిని తట్టుకుంటాయి.

గుర్తుపట్టడం తేలికే. బ్రష్ మోటార్‌కు రెండు తీగలు వస్తాయి, బ్రష్‌లెస్‌కు మూడు. తీగలు కనిపించకపోతే, డ్రోన్ ఆఫ్‌లో ఉండగా రెక్కను వేలితో మెల్లగా తిప్పండి. లోపలి అయస్కాంతాల వల్ల ఆగి ఆగి తిరుగుతున్నట్టు అనిపిస్తే బ్రష్‌లెస్. రెక్క కింద ప్లాస్టిక్ పళ్ల చక్రం కనిపిస్తే అది దాదాపు ఎప్పుడూ బ్రష్ మోటారే.

ఇంట్లో నేర్చుకోవడానికి బ్రష్ మోటార్లు సరిపోతాయి, విడి మోటార్లు దొరికే మోడల్ అయితే.

5. విడిభాగాలు దొరుకుతాయో లేదో కొనే ముందే వెతకండి

డ్రోన్ పేరు, మోడల్ నంబర్‌తో రెక్కలు, బ్యాటరీ, మోటార్, రక్షణ చట్రం విడివిడిగా వెతికి చూడండి. రెక్కలు, బ్యాటరీ రెండూ దొరకని డ్రోన్‌ను ఎంత చవకైనా వదిలేయండి. పెట్టెలో నాలుగు అదనపు రెక్కలు ఇచ్చారుగా అనుకోవద్దు. అవి మొదటి వారానికే అయిపోవచ్చు.

ఒకే డ్రోన్‌ను నాలుగైదు పేర్లతో అమ్మడం ఈ ధరల్లో మామూలే. మోడల్ నంబర్ అసలు రాయని చోట కొనకండి. నంబర్ లేకపోతే రేపు బ్యాటరీ ఏ పేరుతో వెతుకుతారు?

6. ఇప్పుడు కెమెరా

మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

*రిజల్యూషన్.* అసలైన 4కె వీడియోలో ఒక్కో ఫ్రేమ్ 3840×2160 పిక్సెళ్లు, అంటే సుమారు 83 లక్షలు. 1080పిలో సుమారు 21 లక్షలు, 720పిలో 9 లక్షల పైచిలుకు. చవక డ్రోన్లలో చాలావరకు సెన్సర్ పట్టేది 720పినో, అంతకన్నా తక్కువో. ఆ బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కె అని పేరు పెడతారు. ఫైల్ ప్రాపర్టీస్‌లో 3840×2160 అనే కనిపిస్తుంది. కొత్త వివరం మాత్రం ఒక్కటీ చేరదు.

సాగదీసిన వీడియోను ఇలా పట్టుకోండి. డ్రోన్‌ను బల్ల మీద కదలకుండా పెట్టి, ఐదారు మీటర్ల దూరంలో ఆకులు గుబురుగా ఉన్న చెట్టును నిమిషంపాటు రికార్డు చేయండి. ఫైల్‌ను కంప్యూటర్‌లోకి తెచ్చి నూటికి నూరు శాతం సైజులో చూడండి. ఆకుల అంచులు విడివిడిగా కనిపిస్తున్నాయా, పచ్చరంగు పూసినట్టు కలిసిపోయాయా? తర్వాత ఫైల్ సైజు చూడండి. నిమిషం నిడివి ఉన్న "4కె" వీడియో 30 ఎంబీ కూడా లేకపోతే ఆ 4కె పేరుకే.

*నిలకడ.* గింబల్ అంటే డ్రోన్ ఎటు ఒరిగినా కెమెరాను సమంగా పట్టి ఉంచే మోటార్ల ఏర్పాటు. మూడు అక్షాల గింబల్ ఉన్నవి ధర ఎక్కువ. ఈఐఎస్ అంటే బొమ్మ అంచులు కొంత కత్తిరించి సాఫ్ట్‌వేర్‌తో కుదుపు తగ్గించడం. నేర్చుకునే దశలో ఇది చాలు. రిమోట్‌తో కెమెరా పైకీ కిందికీ వంగుతుంది అని మాత్రమే రాస్తే, అది గింబల్ కాదు. వంచడం వేరు, నిలబెట్టడం వేరు.

పరీక్ష: రెక్కలు తిరగకుండా డ్రోన్‌ను ఆన్ చేసి, చేత్తో పట్టుకుని మెల్లగా ఒక పక్కకు ఒంచండి. గింబల్ ఉంటే శరీరం ఒరిగినా కెమెరా సమంగానే ఉంటుంది. రెండూ కలిసి ఒరిగితే గింబల్ లేదు.

*రికార్డింగ్ ఎక్కడ జరుగుతుంది.* కొన్ని డ్రోన్లు వైఫై ద్వారా ఫోన్‌కు పంపి అక్కడే రికార్డు చేస్తాయి. సిగ్నల్ తగ్గిన ప్రతిసారీ వీడియోలో ముక్కలు ఎగిరిపోతాయి. డ్రోన్‌లోనే మెమరీ కార్డు పడుతుందంటే ఆ బాధ ఉండదు. అవకాశం ఉంటే కార్డున్నదే తీసుకోండి.

నిజాయతీగా రాసిన వివరాలు ఎలా ఉంటాయో తెలియాలంటే 2018లో వచ్చిన రైజ్ టెల్లో అనే చిన్న డ్రోన్ వివరాలు చూడండి: సుమారు 80 గ్రాములు, 5 మెగాపిక్సెల్ ఫోటో, 720పి వీడియో, 13 నిమిషాల ఎగురుడు, 100 మీటర్ల దూరం. జీపీఎస్ లేదు, కార్డు లేదు, వీడియో ఫోన్‌లోకే. అంకెలు చిన్నవే. కానీ కింద చూసే సెన్సర్ ఉంది కాబట్టి నేర్చుకోవడానికి పనికొచ్చింది. మీరు చూస్తున్నది దీనికంటే బాగా చవకగా ఉండి 8కె, అరగంట, రెండు కిలోమీటర్లు అంటుంటే నమ్మకండి.

7. రిమోట్, బ్యాటరీ

ఫోన్ తెర మీద వేళ్లతో నడిపేవాటికన్నా రెండు స్టిక్‌ల రిమోట్ ఉన్నది నేర్చుకోవడానికి చాలా మేలు. తెర మీద వేలు ఎంత జరిగిందో స్పర్శకు తెలియదు. రిమోట్ విడిగా కొనాల్సి వస్తే ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేయండి. కొనే ముందే యాప్‌ను ఫోన్‌లో వేసి, తెరుచుకుంటుందో లేదో, ఎప్పుడు అప్‌డేట్ అయిందో చూడండి.

ప్రకటనలో రాసిన సమయం గాలి లేని చోట కొలిచింది. దాంట్లో మూడింట రెండు వంతులు వస్తే చాలనుకోండి. "60 నిమిషాలు" అని ఉంటే రెండు మూడు బ్యాటరీలు కలిపి చెప్పారేమో చూడండి. మొత్తం మూడు బ్యాటరీలుంటే ఒక పూట సాధన సాఫీగా సాగుతుంది. మధ్యలో మోటార్లు చల్లారడానికి కాసేపు ఆగండి.

హెచ్చరిక: వీటిలో ఎక్కువగా ఉండేవి లిథియం పాలిమర్ బ్యాటరీలు. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడొద్దు, చార్జ్ చేయొద్దు. ఎగిరి దిగిన వెంటనే కాకుండా చల్లారాకే చార్జింగ్ పెట్టండి, పెట్టి నిద్రపోకండి. వారాలపాటు పక్కన పెట్టేటప్పుడు నిండుగానో, పూర్తిగా ఖాళీగానో వదలకుండా సగం చార్జ్‌తో ఉంచండి.

8. వచ్చిన రోజే చేయాల్సిన పరీక్షలు

మొదలుపెట్టక ముందే ఫోన్ కెమెరా ఒకటి ఆన్ చేసి పక్కన పెట్టండి. వాపసు ఇవ్వాల్సి వస్తే ఆ వీడియోనే సాక్ష్యం.

1. రెక్కల మీద ఎ, బి గుర్తులు చూసుకోండి. రెండు ఒకవైపు, రెండు రెండోవైపు తిరుగుతాయి. తారుమారుగా బిగిస్తే డ్రోన్ లేవకుండా బోల్తా పడుతుంది. కొత్త డ్రోన్ "పాడైంది" అనుకునేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

2. సమంగా ఉన్న నేల మీద పెట్టి, మాన్యువల్‌లో చెప్పినట్టు గైరో కాలిబ్రేషన్ (సమంగా ఉండటం అంటే ఏమిటో సెన్సర్‌కు గుర్తుచేయడం) చేయండి. దుప్పటి మీద, ఒంపు ఉన్న బల్ల మీద చేయొద్దు.

3. నిలకడ పరీక్ష. ఫ్యాన్ ఆపండి. గళ్లో, గీతలో ఉన్న చాప పరిచి దాని మధ్యలోంచి లేపండి. నేలకు మరీ దగ్గరుంటే రెక్కల గాలి తిరిగి తగిలి ఊగుతుంది, కాబట్టి నడుము ఎత్తుకు, అంటే మీటరు పైకి తీసుకెళ్లి స్టిక్‌లు వదిలేయండి. అర నిమిషం చూడండి. మంచి డ్రోన్ అటూ ఇటూ జానెడు కదిలి మళ్లీ మధ్యకు వస్తుంది.

ఎప్పుడూ ఒకేవైపు జారుతుంటే కాలిబ్రేషన్ మళ్లీ చేయండి, ట్రిమ్ (ఆ జారుడును సరిచేసే చిన్న సర్దుబాటు) సరిచేయండి. దిక్కు లేకుండా తిరుగుతుంటే వెలుతురు పెంచి, చాప మార్చి చూడండి. ఒక మూల కుంగుతూ ఉంటే ఆ మూల రెక్క వంగిందో, మోటార్‌లో వెంట్రుక చుట్టుకుందో చూడండి. ఇవన్నీ చేసినా ఆగకపోతే వాపసు పంపేయండి. అలవాటైతే సర్దుకుంటుందిలే అని ఉంచుకోవద్దు.

4. బ్యాటరీ నిండా పెట్టి, ఒకే చోట నిలబెట్టి, హెచ్చరిక దీపం వెలిగేదాకా ఎంతసేపు ఎగిరిందో కొలవండి. ప్రకటనలో సగం కూడా రాకపోతే బ్యాటరీ మార్పించుకోండి.

5. జీపీఎస్ ఉంటే ఖాళీ మైదానంలో హోమ్ పాయింట్ నమోదైందన్న సందేశం వచ్చాకే లేపండి. అది రాకముందే లేపితే డ్రోన్‌కు తిరిగి రావాల్సిన చోటు తెలియదు. తిరిగొచ్చే ఎత్తును చుట్టుపక్కల చెట్లకంటే ఎక్కువ పెట్టండి. 30 మీటర్ల దూరం తీసుకెళ్లి రిటర్న్ బటన్ నొక్కి, రద్దు చేసే బటన్ మీద వేలు ఉంచండి. మరీ దగ్గర్లో నొక్కితే కొన్ని డ్రోన్లు ఉన్నచోటే దిగిపోతాయి, అప్పుడు పరీక్ష జరిగినట్టు కాదు. గాల్లో ఆపితే వలయాలు తిరుగుతూ పోతుంటే కంపాస్ కాలిబ్రేషన్ చేయాలి, ఇనుప వస్తువులకు, కార్లకు దూరంగా.

9. మొదటి బ్యాటరీల్లో ఏం సాధన చేయాలి

చాలా రిమోట్లలో ఎడమ స్టిక్ ఎత్తుకూ, ముక్కు తిప్పడానికీ. కుడిది ముందుకూ వెనక్కీ, పక్కలకూ. డ్రోన్ తోక మీవైపు ఉంచి ఒకచోట నిలబెట్టడంతో మొదలుపెట్టండి. తర్వాత తోక తిప్పకుండానే చతురస్రంలో నడపండి. ఆ తర్వాతే ముక్కు మీవైపు తిప్పండి. ఇక్కడ కుడి ఎడమ తారుమారవుతాయి, అందరికీ టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. కంగారు పుడితే స్టిక్‌లు వదిలేయండి. పైన 3వ అంశంలో నిలకడ కోసం అంత పట్టుబట్టింది ఈ క్షణం కోసమే. చివరగా ఎనిమిది అంకె ఆకారం, రెండు దిక్కుల్లోనూ.

నేర్చుకున్నారా లేదా అన్నది దిగేటప్పుడు తెలుస్తుంది. నేల మీద ఒక వార్తాపత్రిక పరిచి, ముక్కు ఎటున్నా దాని మీదే దించగలిగితే తర్వాతి సాధనకు వెళ్లొచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

- హెడ్‌లెస్ మోడ్‌కు అలవాటుపడటం. ముక్కు ఎటున్నా స్టిక్ ముందుకు తోస్తే డ్రోన్ మీకు దూరంగా వెళ్తుంది. హాయిగా ఉంటుంది కానీ ముక్కు దిశ చూసుకోవడం ఎప్పటికీ రాదు.
- ఎమర్జెన్సీ స్టాప్‌ను దించే బటన్ అనుకోవడం. అది మోటార్లను ఆపేస్తుంది, డ్రోన్ రాయిలా పడుతుంది.
- దేనికైనా తగిలి చిక్కుకున్నప్పుడు ఇంకా పవర్ ఇవ్వడం. తిరగలేని మోటార్ వేడెక్కి కాలిపోతుంది. వెంటనే ఆపేయండి.
- మొదట గాలివాలున వెళ్లడం. వెళ్లేటప్పుడు వేగంగా పోతుంది, తిరిగొచ్చేటప్పుడు బ్యాటరీ చాలదు. ముందు గాలికి ఎదురెళ్లి, దాంతోపాటు తిరిగిరండి. పైకి వెళ్లేకొద్దీ గాలి పెరుగుతుందని గుర్తుంచుకోండి.
- మనుషుల తలల మీద, పశువుల దగ్గర ఎగరేయడం. ఎంత చిన్న డ్రోన్ అయినా వద్దు.

బడ్జెట్ సరిపోకపోతే

చెత్త కెమెరా డ్రోన్ కొనేకన్నా, కెమెరా లేని చిన్న డ్రోన్‌ను రక్షణ చట్రంతో కొనడం మంచిది. వేళ్లకు వచ్చే నైపుణ్యం అదే. కంప్యూటర్ ఉంటే సిమ్యులేటర్‌లో, అంటే తెర మీదే డ్రోన్ నడిపే ప్రోగ్రామ్‌లో, సాధన చేయొచ్చు, కూలినా ఖర్చుండదు.

ఇంకో దారి, పేరున్న కంపెనీ పాత డ్రోన్. కొనే ముందు అమ్మేవారి ఎదుటే ఆన్ చేయించి ఎగరేయించండి. పాత యజమాని ఖాతా నుంచి ఆ డ్రోన్‌ను తొలగించారా, యాప్‌లో బ్యాటరీ ఎన్నిసార్లు చార్జ్ అయినట్టు చూపిస్తోంది, బ్యాటరీ పొట్ట ఉబ్బిందా, గింబల్ వణకకుండా సమంగా నిలుస్తోందా అన్నవి చూడండి. చేతుల దగ్గర, అంటే మోటార్లను మోసే కమ్మీల దగ్గర, జిగురుతో అతికించిన పగుళ్లుంటే డబ్బు ఇవ్వకుండా వచ్చేయండి.